దించు, తిప్పు

హోసూరులో మేనేజిమెంటు చదువులు చెప్పే ఒక కాలేజీవాళ్ళు నన్ను సభకు పిలిచారు. పోయిన సంవత్సరం కన్నుమూసిన మా ఫ్యాక్టరీ యజమాని జీవితం నుంచి పిల్లలు నేర్చుకోవలసిన వ్యాపార పాఠాలట. ఆయన దగ్గర ల్యాబులో ఏళ్ళతరబడి పనిచేసినదాన్ని గనక వచ్చి నాలుగు మాటలు చెప్పాలన్నారు. చచ్చిపోయిన మనిషిని పాఠాలుగా కోసి పంచిపెట్టడం నాకు గిట్టదు. అయినా పోయాను. ఆయన పేరెత్తితే ఇంట్లో కూర్చోలేను, అదీ నా రోగం.

గుమ్మం దగ్గర ఒక అమ్మాయి పన్నీరు చల్లి మూరెడు మల్లెపూలు చేతిలో పెట్టింది. తలలో తురుముకుని వేదిక ఎక్కాను. వెనక గోడ నిండా ఫ్లెక్సు కట్టి ఉంది. దాని మీద ఆయన ఫోటో. మామిడికాయ తొడిమను ముక్కు దగ్గర పెట్టుకుని, తల కొంచెం వెనక్కి వంచి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. కింద బారెడు అక్షరాలు: మొదటి పాఠం, నీ ముక్కును నమ్ముకో.

నాకు తెలియకుండానే నా చెయ్యి కొప్పు మీదికి పోయింది. పూలు లాగేసి బ్యాగులో కుక్కాను. పక్కనున్న ప్రిన్సిపాల్‌గారు చూసి, "పూలు పడవా మేడమ్?" అని అడిగారు. "పడవండీ" అని ఊరుకున్నాను. ఏం చెప్పను? ఆయన ఎదుటికి మల్లెపూలు పెట్టుకుని పోకూడదు. ఆయన చచ్చిపోయినా సరే.

ఆ ఫోటో సంగతి చెప్పాలంటే ముందు ఆ ముక్కు సంగతి చెప్పాలి.

కృష్ణగిరి నుంచి హోసూరు వచ్చే పెద్దరోడ్డు పక్కన, శూలగిరి దగ్గర మా జ్యూసు ఫ్యాక్టరీ. తోతాపురి మామిడిని గుజ్జు చేసి, డబ్బాల్లో నింపి, ఓడలెక్కించే పని. ఆయన ఎట్లా మొదలుపెట్టాడు, ఎంత ఎత్తుకు పోయాడు అనేవి ఆ కాలేజీ పిల్లల దగ్గర రంగురంగుల బొమ్మలతో సహా ఉన్నాయి. నాకు గుర్తున్నది గేటు. వేసవి వచ్చిందంటే పొద్దున్నే ట్రాక్టర్లూ టెంపోలూ గేటు నుంచి రోడ్డు దాకా బారుతీరేవి. ఆయన పంచె ఎగగట్టి, భుజాన తువ్వాలు వేసుకుని బయటికి వచ్చేవాడు. బండి దగ్గర నిలబడి రైతుతో, "నీ చేత్తోనే ఒగ కాయ తీసి ఇయ్యప్పా. ఏది మంచిదనిపిస్తే అది" అనేవాడు. ఆ కాయ తొడిమను తువ్వాలుతో తుడిచి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. గేటంతా గప్‌చిప్. డ్రైవర్లు ఇంజన్లు కూడా ఆపేసేవాళ్ళు. అప్పుడు ఒక్క మాట వచ్చేది. "దించు" అంటే కాయ దించుకోమని. "తిప్పు" అంటే బండి తిప్పుకుని పొమ్మని. మూడో మాట లేదు.

ఆ రోడ్డు మీద మాలాంటి ఫ్యాక్టరీలు ఇంకా ఉన్నాయి. మా గేటులో తిప్పిన బండిని వాళ్ళు లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. "ముక్కప్ప వద్దన్న కాయ మాకెందుకప్పా" అనేవాళ్ళు. ముక్కప్ప అని అందరూ వెనక పిలిచే పేరు. ఆయనకూ తెలుసు. "పేరు పెట్టినారంటే మనిషిని లెక్కలో పెట్టుకున్నారని లేమ్మా" అని నవ్వేవాడు.

చెప్పిన మాట మార్చే అలవాటు ఆయనకు లేదు. "ముక్కుని ఒగసారే అడగాల. రెండోసారి అడిగితే దానికే అనుమానం వస్తాది" అనేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఒకసారి అత్తిముగం నుంచి ఆయన సొంత బావమరిది బండి కట్టించుకుని వచ్చాడు. ఈయన వాసన చూసి "తిప్పు" అన్నాడు. ఆ బావమరిది ఎంత గింజుకున్నా వినలేదు. ఆ వేసవంతా ఆయన భార్య ఆయనతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టేదట, గిన్నె కొంచెం గట్టిగా పెట్టేదట. ఆయనే చెప్పి నవ్వాడు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు తల నిండా మల్లెపూలు, ముఖం నిండా పౌడరు. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లను, ఇంకెట్లా వస్తాను? గేటు దగ్గర నన్ను అల్లంత దూరానే ఆపేశాడు.

"ఏమమ్మా, పెండ్లికి వచ్చినావా, పనికి వచ్చినావా?"

"పనికే సార్."

"అట్లయితే ఆ పూలు వాచ్‌మన్ దగ్గర పెట్టి, ముఖం కడుక్కోని రా. నువ్వు తలలో అంగడి పెట్టుకోని వస్తే నా కాయ చెప్పేది నాకెట్ల వినపడేది?"

వాచ్‌మన్ గది గోడకు వరసగా మేకులు కొట్టి ఉన్నాయి. ఆడవాళ్ళందరూ వచ్చేటప్పుడు తలలో పూలు తీసి ఆ మేకులకు తగిలించి, సాయంత్రం వాడిపోయినవాటినే మళ్ళీ పెట్టుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. కొన్నాళ్ళకు అందరూ కనకాంబరాలకు మారారు. వాటికి వాసన ఉండదు గదా, వాటికి ఆయన అడ్డు చెప్పలేదు. నేను మొండిదాన్ని. రోజూ మల్లెలే పెట్టుకుని వచ్చి, రోజూ మేకుకు తగిలించేదాన్ని. "ఈ ల్యాబమ్మ లొంగదురా" అని వాచ్‌మన్‌తో అనేవాడు. బ్యాంకు మేనేజరు సెంటు పూసుకుని వస్తే ఆయన్ని కూడా బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి, తాను గాలివాలు చూసుకుని దూరంగా కూర్చుని మాట్లాడిన మనిషి. ఆ మేనేజరు ముఖం గుర్తొస్తే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

ఒక చలికాలం రాయకోట రైలుగేటు దగ్గర కంకరలో స్కూటరు జారి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. బెంగళూరు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. కొంచెం చిక్కాడు, అంతే. వేసవి వచ్చేసరికి మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాడు. అదే తువ్వాలు, అదే ముక్కు, అవే రెండు మాటలు.

ఆ వేసవిలోనే ఒక పొద్దున హోసూరు బస్సు ఆలస్యమై, పరుగెత్తుకుంటూ వెనక గేటునుంచి ల్యాబులోకి దూరాను. కాసేపటికి ఆయన వచ్చాడు. నా భుజం పక్కనుంచి వంగి సీసాలోకి చూస్తూ, "తీపి ఎట్లుందమ్మా?" అని అడిగాడు. చెప్పాను. తలూపి పోయాడు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తల తడుముకుంటే మల్లెపూలు చేతికి తగిలాయి. తొందరలో మేకుకు తగిలించడం మరిచిపోయాను. ఆయన జానెడు దూరంలో నిలబడి పోయాడు, ఏమీ అనలేదు.

మరునాడు పులిసిపోయిన గుజ్జు డబ్బా ఒకటి మూత తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఆ కంపుకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఆ డబ్బా పక్కనే మోచెయ్యి పెట్టుకుని ఏదో లారీ సంగతి చెబుతూనే ఉన్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, ఎప్పట్నించి?"

ఆయన డబ్బా వైపు చూశాడు. నా వైపు చూశాడు. లేచి తలుపు మూశాడు.

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"స్కూటరు పడిన దినం నుంచేనమ్మా. డాక్టరు వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు అన్నాడు. కాఫీ తాగితే వేణ్ణీళ్ళు తాగినట్లుండాది నాకి. మనవరాలిని ఎత్తుకుంటే బొమ్మని ఎత్తుకున్నట్లుండాది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

"చెప్పేస్తే పోదా సార్? ల్యాబు ఉంది గదా. ప్రతి బండినీ నేనే చూసి చెప్తాను."

"నీ గాజు గొట్టాన్ని యా రైతు నమ్ముతాడమ్మా? నా ముక్కుని నమ్ముకోని ఈళ్ళు రాగిచేన్లు తీసి మామిడి పెట్టినారు. తిప్పినా కూడా మారుమాట చెప్పకుండా పోతావుండారంటే, అది ముక్కు మీద మర్యాద. అది పోయిందని తెలిస్తే రేపటి నుంచి గేటు కాడ కొట్లాటే. ఎవురి కాయకీ పేరుండదు."

అందుకని ఆయన ఎవరికీ చెప్పలేదు. మరి గేటు దగ్గర ఎట్లా నెట్టుకొస్తున్నాడో అడిగాను. ఆయన కళ్ళలో ఒక చిలిపితనం వచ్చింది. మరునాడు వచ్చి తన పక్కన నిలబడి చూడమన్నాడు.

చూశాను. కాయ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసినట్టే ఉన్నాయి గానీ పూర్తిగా మూయలేదు. రెప్పల సందులోంచి రైతు ముఖాన్నే చూస్తున్నాడు. ఎంతకీ మాట్లాడడు. ఆ రైతు ఒక కాలిమీద బరువు వేశాడు, ఇంకో కాలిమీద వేశాడు, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇక తట్టుకోలేకపోయాడు.

"అప్పా, అడుగున రవ్వంత రాలినకాయ ఉండాది. మిగతాదంతా చెట్టు మీద కోసిందే, దేవుని మీద ఒట్టు!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు! నేను నవ్వాపుకోలేక ల్యాబులోకి పారిపోయాను. వెనకే వచ్చి, "చూస్తివా? ముక్కు పోయినాక నాకు కండ్లొచ్చినాయమ్మా" అన్నాడు. ఆయన దించుకున్న ప్రతి బండి కాయనూ నేను కోసి చూసేదాన్ని. ఒకటీ అరా తప్ప అన్నీ మంచివే. ముక్కు ఉన్న రోజుల్లో కంటే ఆ వేసవిలో ఎక్కువ మంచి కాయ వచ్చింది. ఆయనకు మళ్ళీ ధైర్యం వచ్చింది. మనిషి ముఖం కూడా కాయలాంటిదే, అబద్ధం చెప్పదు అనుకున్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

మునెప్ప బండి ఆ తరవాతి వేసవిలో వచ్చింది.

మునెప్పది రాయకోట కొండ కింద తోట. పెద్దమనిషి, తక్కువ మాటలు. ఏటా ఆయన బండి వస్తే మా యజమాని వాసన చూడకుండానే "దించు" అనేవాడు. "మునెప్పన్న కాయకి ముక్కు పెడితే నా ముక్కుకే తప్పు" అనేవాడు. ఆ రోజు మాత్రం ఒక పేపరాయన కెమెరాతో వచ్చి ఉన్నాడు. ముక్కుతో ఫ్యాక్టరీ నడిపే మనిషి అని రాయడానికి. మునెప్ప ట్రాక్టరు గేటు దగ్గరికి రాగానే, "సార్, ఒకసారి వాసన చూడండి, ఫోటో తీసుకుంటాను" అన్నాడు.

"మునెప్పన్నా, ఒగ కాయ ఇయ్యి" అని చెయ్యి చాపాడు మా యజమాని.

మునెప్ప కాయ ఇచ్చాడు. చెయ్యి వణికింది. తల వంచుకునే ఉన్నాడు, ఒక్కసారి కూడా కళ్ళెత్తి చూడలేదు. మా యజమాని కాయ ముక్కు దగ్గర పెట్టుకుని, రెప్పల సందులోంచి ఆ ముఖాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. కెమెరా క్లిక్కుమంది. మునెప్ప ఏమీ మాట్లాడలేదు.

"తిప్పు" అన్నాడు మా యజమాని.

గేటు దగ్గరున్న వాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు. మునెప్ప అప్పుడు తలెత్తాడు. ఆయన ముఖంలో కోపం లేదు, అదే నన్ను ఇప్పటికీ వదలదు. భయం ఉంది. "నా కాయ చెడిందా అప్పా?" అని మెల్లగా అడిగాడు. మా యజమాని కాయను నా చేతిలో పెట్టాడు. "సరే, నీ ముక్కే చెప్పినాక ఇంకేముండాది" అని ట్రాక్టరెక్కాడు.

ఫోటోకు పట్టుకున్న కాయను నేను ల్యాబుకు తీసుకుపోయి కోశాను. ఆ వేసవిలో నేను చూసిన కాయల్లో దాన్ని మించినది లేదు. పరుగెత్తుకుంటూ ఆఫీసుకు పోయాను. పేపరాయన టీ తాగుతున్నాడు. మా యజమానిని వసారాలోకి పిలిచి చెప్పాను.

"సార్, కాయ బంగారం. ట్రాక్టరు ఇంకా రోడ్డు మీదే ఉంటుంది. మనిషిని పంపి పిలిపించండి."

ఆయన ముఖం పాలిపోయింది. రోడ్డు వైపు చూశాడు. లోపల కూర్చున్న పేపరాయన వైపు చూశాడు.

"రెండోసారి ముక్కు పెడితే..." అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

"ముక్కు పెట్టవద్దు సార్, దించుకోండి చాలు!" అని నేను గట్టిగానే అన్నాను. ఆయన స్తంభం పట్టుకుని నిలబడ్డాడు, కదల్లేదు. లోపల్నుంచి పేపరాయన ఏదో అడిగితే లోపలికి పోయాడు.

సాయంత్రానికి సంగతులన్నీ తెలిశాయి. మునెప్ప భార్యకు ఆ తెల్లవారే ఒంట్లో బాగాలేక కృష్ణగిరిలో ఆస్పత్రిలో చేర్చారట. కోసిన కాయ ఆగదు గనక, ఆమెను కూతురికి అప్పగించి ట్రాక్టరు తోలుకుని వచ్చాడట. ఆ ముఖం అందుకని అట్లా ఉంది. మా దగ్గర తిప్పిన బండి గనక రోడ్డు మీద ఎవరూ దించుకోలేదు. శూలగిరి దాటాక గుంటలో కాయంతా కుమ్మరించి, ఖాళీ ట్రాక్టరుతో ఆస్పత్రికి పోయాడట. మా ఆడవాళ్ళు బస్సులోంచి చూశారు, ఆవులు తింటున్నాయట.

మా యజమాని ఆ రాత్రి అన్నం తినలేదని విన్నాను. మరునాడు నాతో, "ఆయమ్మకి పర్వాలేదంట. వచ్చే ఏడు మునెప్పన్న బండి మొదట దించుకుంటా. అందరి ముందరా, ముక్కు పెట్టకుండా. పోయిన పేరు వచ్చేస్తాది" అన్నాడు. నాకు చెబుతున్నట్టు లేదు, తనకే చెప్పుకుంటున్నట్టు ఉంది. ఫోటో పేపర్లో వచ్చింది. ఆయన కొడుకులు దానితోనే క్యాలెండర్లు వేయించారు. ఆఫీసులో ఉన్న క్యాలెండరు మీద ఆయన రోజూ తడి తువ్వాలు ఆరేసేవాడు.

మళ్ళీ వేసవి వచ్చింది. రోజూ గేటు దగ్గర నిలబడి రాయకోట వైపు నుంచి వచ్చే ప్రతి ట్రాక్టరునూ మెడ సాచి చూసేవాడు. మునెప్ప రాలేదు. బాయిలరుకు కట్టెలు తోలే మనిషి లారీ వచ్చింది. కట్టెలు దించారు, అప్పటికే కొన్ని బాయిలరులో పడ్డాయి కూడా.

"ఏం కట్టెప్పా ఇది?" అని ఊరికే అడిగాడు మా యజమాని.

"మామిడి కట్టే సార్. రాయకోట కాడ మునెప్పని ఉండాడే, తోటంతా కొట్టించేసినాడు. చెట్లకి ఏందో రోగమంట. మీరే వాసన చూసి తిప్పినారంట గద."

ఆయన ఒక కట్టెను చేత్తో తడిమాడు. నడుచుకుంటూ వచ్చి బాయిలరు పొగ వైపు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. మామిడి కట్టె కాలితే కొంచెం తియ్యటి వాసన వస్తుంది, అది ఫ్యాక్టరీ అంతా కమ్ముకుంది. నేను ల్యాబులోంచి వచ్చి పక్కన నిలబడ్డాను.

"ఎట్లుందమ్మా వాసన?" అని అడిగాడు.

"బాగుంది సార్" అన్నాను.

"బాగుంటాదిలే. మునెప్పన్న తోట గద" అన్నాడు. ఆ తరవాత, "జీపు తియ్యమను. నువ్వూ రామ్మా, నువ్వే సాక్షి" అన్నాడు.

రాయకోట పోయాము. మునెప్ప ఇంటి ముందర ఆయన భార్య కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మనిషి కోలుకుంది. మునెప్ప మమ్మల్ని చూసి సంతోషంగా ఎదురొచ్చాడు.

"రాప్పా, రా! నువ్వు వస్తావని నాకి తెలుసు. రోగం ఏందో నువ్వు చూడకుండా ఉండవని ఈమెకి చెప్పినా."

తోటలోకి తీసుకుపోయాడు. తోట అనడానికి ఏముంది, మొద్దులు. వాటి మధ్య ఎండ. మునెప్ప ఒక మొద్దు పక్కన కూర్చుని, వేళ్ళతో తవ్వి, ఒక మన్నుగడ్డ తీసి మా యజమాని చేతిలో పెట్టాడు.

"చూసి చెప్పప్పా. రోగం మన్నులో ఉండాదా, వేర్లలో ఉండాదా? మా తాత పెట్టిన చెట్లు. నా కంటికి ఏమీ కనపడలేదు, నా ముక్కుకీ ఏమీ తెలియలేదు. నీకి తెలిసింది. పక్కతోటలోళ్ళకి అంటుకోకూడదని కొట్టించేసినా."

మా యజమాని చెయ్యి అలవాటుకొద్దీ ముక్కు దాకా పోయింది. కళ్ళు మూసుకోబోయాడు. ఆగిపోయాడు. చెయ్యి దించాడు.

"మునెప్పన్నా, నాకి వాసన రాదు" అన్నాడు. "తలకి దెబ్బ తగిలినప్పుడే పోయింది. ఆ దినం కూడా రాలేదు. నీ ముఖం చూసి తిప్పినా. నీ కాయకి ఏ రోగమూ లేదు. ఈయమ్మ కోసి చూసింది, అడుగు."

"అవునప్పా, ఆ ఏడు మీ కాయను మించిన కాయ రాలేదు" అన్నాను నేను.

మునెప్ప మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరవాత మెల్లగా నవ్వాడు. చిన్నపిల్లలు ఏదో దాస్తే పెద్దవాళ్ళు నవ్వుతారే, అట్లా నవ్వాడు.

"తోట పోయిందని నేను దుఃఖపడకూడదని చెప్తావుండావు. నీ ముక్కు పొయ్యేదేందప్పా! పేపర్లో ఫోటో చూసినా గద. నా కాయే, నీ చేతిలో."

"నిజమన్నా. ఒట్టు."

"ఊరికే ఒట్లు పెట్టుకోవద్దు సామీ, బిడ్డలుండే ఇల్లు" అంది వెనకే వచ్చిన ఆయన భార్య. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మాకోసరం నీ ముక్కే పోయిందని చెప్పుకుంటావుండావు. ఎంత మనసయ్యా నీది!"

మా యజమాని నా వైపు చూశాడు. అంత దిక్కులేని చూపు నేను ఏ మనిషిలోనూ చూడలేదు. నేను మళ్ళీ చెప్పాను, ఆయన మళ్ళీ చెప్పాడు. చెప్పినకొద్దీ వాళ్ళకు ఆయన మీద గౌరవం పెరుగుతోంది. చివరకు మునెప్ప, "అదంతా పోనీలేప్పా. మన్ను సంగతి చెప్పు. మళ్ళీ ఏదన్నా పెట్టొచ్చా?" అని అడిగాడు.

చేతిలో ఆ గడ్డ అట్లాగే ఉంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు, ఈసారి పూర్తిగా.

"మంచి మన్నన్నా. ఏది పెట్టినా వస్తాది" అన్నాడు.

మునెప్ప ఆ గడ్డను తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చింది. తాగి జీపెక్కాము. రైలుగేటు పడి ఉంటే ఆగాము. అప్పుడు అన్నాడు, "నిజం కూడా కాయ మాదిరేనమ్మా. కోసిన దినమే గేటు కాడికి తేవాల. పొద్దుపోయినాక ఎవురూ దించుకోరు." రైలు పోయింది. గేటు లేచినా ఆయన పట్టాల వైపే చూస్తూ కూర్చున్నాడు.

మునెప్ప తరవాత ఆ నేలలో టమాటా పెట్టాడు. మామిడి మళ్ళీ పెట్టే వయసు కాదన్నాడట.

ఆ రోజు నుంచి ఆయన నోట "తిప్పు" అనే మాట నేను వినలేదు. గేటు దగ్గర నిలబడేవాడు, కాయ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, "దించు" అనేవాడు. ఏ బండి వచ్చినా దించే. ఊళ్ళన్నీ తెలిసిపోయి అడ్డమైన కాయా తెచ్చారు. నేను లోపల ఏరి పారబోయించేదాన్ని. కొడుకులు కొట్లాడారు, తల మీద దెబ్బకు మతి చలించిందన్నారు. ఆయన విని ఊరుకునేవాడు. రైతులు మాత్రం దేవుడన్నారు. మేమందరం పూలు మేకులకు తగిలిస్తూనే ఉన్నాము. నేనూ తగిలిస్తూనే ఉన్నాను. ఒకరోజు నా మేకు దగ్గర ఆగి ఆ మల్లెమూరను చేతిలోకి తీసుకుని, వేళ్ళతో తడిమి, మళ్ళీ తగిలించి పోయాడు. నేను కిటికీలోంచి చూశాను, చూసినట్టు చెప్పలేదు.

ఆయన మామిడి పూత దినాల్లో పోయాడు. శవాన్ని ఫ్యాక్టరీ ఆవరణలో పెట్టారు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరూ గేటు దగ్గర ఆగి, తలలో పూలు తీసి మేకులకు తగిలించి లోపలికి వచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మునెప్ప కూడా వచ్చాడు, మూలన నిలబడి ఏడ్చాడు. "అంత ముక్కు మళ్ళా పుట్టదమ్మా" అన్నాడు నాతో.

సభలో పాఠాలు సాగుతున్నాయి. రెండో పాఠం, తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దు. మూడో పాఠం, రైతును ఎన్నడూ తిప్పి పంపవద్దు. పిల్లలు రాసుకుంటున్నారు. నా వంతు వచ్చింది. నాకు తెలిసిన మర్యాదలన్నీ పక్కన పెట్టి చెప్పేశాను.

"ఈ ఫోటోలో ఉన్న మనిషికి వాసన రాదు. ఆయన కాయను చూడటం లేదు, ఎదురుగా ఉన్న మునెప్ప ముఖం చూస్తున్నాడు. ఇంకో నిమిషానికి ఒక తప్పు మాట అంటాడు. ఆ మాటకు ఒక తోట పోయింది." మల్లెపూలూ, పేపరాయనా, బాయిలరు పొగా, మన్నుగడ్డా, అన్నీ చెప్పాను. మునెప్ప నమ్మలేదన్నది కూడా చెప్పాను.

తరవాత చప్పట్లు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్‌గారు లేచి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చూశారా! అంతటి ముక్కున్న మనిషి, ఒక పేదరైతు మనసు కుదుటపడటం కోసం తనకు ముక్కే లేదని చెప్పుకున్నాడు. వినయమంటే అదీ. నాలుగో పాఠంగా రాసుకోండి."

"కాదండీ, నిజంగానే ఆయనకు..." అన్నాను.

"మేడమ్‌గారికి కూడా ఆయన వినయమే అబ్బింది" అన్నారాయన. మళ్ళీ చప్పట్లు. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. ఆ రైలుగేటు దగ్గర ఆయన ఎట్లా కూర్చున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

హాలు ఖాళీ అయ్యాక ఫ్లెక్సు దగ్గరికి పోయి నిలబడ్డాను. అంత పెద్దగా ఆ ఫోటోను నేనెప్పుడూ చూడలేదు. ఒక అంచున నాలుగు వేళ్ళు ఉన్నాయి. కాయ ఇచ్చి ఇంకా వెనక్కి తీసుకోని వేళ్ళు, గోళ్ళ సందుల్లో జీడి మరకలు. మిగతా మునెప్పను పేపరువాళ్ళు కత్తిరించేశారు.

బ్యాగులోంచి మల్లెపూలు తీశాను. నలిగిపోయి ఇంకా ఘాటుగా వాసన కొడుతున్నాయి. ఆయన ముఖానికి జానెడు దూరంలో నిలబడి, మెల్లగా తలలో పెట్టుకున్నాను.

ఆయన ఏమీ అనలేదు.